భీష్ముడు ఎందుకు ఆపలేదు?

2020 లాక్‌డౌన్‌లో డీడీ భారతిలో పాత 'మహాభారత్' మళ్లీ వేశారు, గుర్తుందా? బి.ఆర్. చోప్రా సీరియల్. మొదటిసారి 1988 నుంచి 1990 దాకా ఆదివారాలు పొద్దున పూట దూరదర్శన్‌లో వచ్చింది. అప్పటికి మనలో చాలామంది పుట్టనే లేదు. దాన్ని ఇప్పుడు చూడటంలో మా బ్యాచ్‌కి ఒక ఇబ్బంది ఉంది. భీష్ముడి వేషం వేసిన ముఖేష్ ఖన్నా మాకు ముందు శక్తిమాన్‌గా పరిచయం. గిర్రున తిరుగుతూ వచ్చి ఎవరు ఆపదలో ఉన్నా కాపాడేసేవాడు. అలాంటి మనిషి తెల్లగడ్డం పెట్టుకుని సింహాసనం పక్కన కూర్చున్నాడు. మనవడి భార్యని జుట్టు పట్టి సభలోకి ఈడ్చుకొస్తుంటే తల దించుకున్నాడు. 'లే గురూ, లే' అని టీవీ ముందు నేను పైకే అనేశాను.

లేవడని నాకూ తెలుసు. ఎందుకు లేవడు అన్నదే నాకు అర్థమయ్యేది కాదు.

అందరూ చెప్పే జవాబు ప్రతిజ్ఞ. మాటిచ్చాడు కాబట్టి కట్టుబడ్డాడు అంటారు. సరే, ఏం మాటిచ్చాడు? తండ్రి శంతనుడు సత్యవతిని చేసుకోవాలంటే దాశరాజు ఒక షరతు పెట్టాడు. దానికోసం దేవవ్రతుడు ఒప్పుకున్నవి రెండు. రాజ్యం తీసుకోడు. పెళ్లి చేసుకోడు. వ్యాసుడి కథలో అంతే. సింహాసనం మీద ఎవడు కూర్చున్నా, వాడు ఏం చేసినా నోరు మూసుకుంటానని ఆయన దాశరాజుకి ఎక్కడా చెప్పలేదు. ఆ ముక్క మనకి ఎక్కువగా టీవీ నుంచే వచ్చింది. ఈ గద్దె మీద ఎవరు కూర్చున్నా వాళ్లలో మా నాన్నని చూసుకుంటానని చోప్రా సీరియల్‌లో ఆయన చేత అనిపించారు. రాసినవాళ్ల తెలివి అది. ఆ ఒక్క వాక్యం లేకపోతే మన హీరో మౌనానికి సాకు దొరకదు.

పోనీ భయమా? ఆ అవకాశమే లేదు. తాను కోరుకున్నప్పుడే చావొచ్చే వరం ఉంది ఆయనకి. దుర్యోధనుడు ఏం చేయగలడు?

పోనీ పెద్దవాళ్లకి ఎదురు చెప్పే అలవాటే లేదా? అదీ కాదు. అంబని పెళ్లి చేసుకోమని సాక్షాత్తూ గురువు పరశురాముడు చెబితే వినలేదు. చేసుకోనన్నాడు. గురువుతో రోజుల తరబడి యుద్ధం చేశాడు. అంటే ఎదిరించడం బ్రహ్మాండంగా వచ్చు. కాకపోతే అప్పుడు ఎదిరించింది తన ప్రతిజ్ఞ కాపాడుకోడానికి. సభలో ఎదిరించాలంటే ఆ ప్రతిజ్ఞ మీద కట్టుకున్న జీవితాన్నే తప్పు పట్టుకోవాలి.

నాకు అనిపించేది ఇదే. ఆయన పేరు చూడండి. పుట్టినప్పటి పేరు దేవవ్రతుడు. భయంకరమైన ప్రతిజ్ఞ చేసినందుకు వచ్చిన పేరు భీష్ముడు. అసలు పేరు ఎవరూ పిలవరు. రాజ్యం వదిలాడు, పెళ్లి వదిలాడు, పిల్లలు లేరు. ఇంత పోగొట్టుకుని నిలబెట్టిన ఇల్లు ఇలాంటి ఇల్లని అరవై డెబ్బై ఏళ్ల తర్వాత ఒప్పుకోవాలి. అది చావు కంటే కష్టం. చావుకైతే వరం ఉంది, దీనికి లేదు.

ఇంకో కారణం భీష్ముడే స్వయంగా చెప్పుకున్నాడు. దాన్ని మనం అంతగా తలుచుకోం. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు వచ్చి కాళ్లకి దండం పెడితే, కౌరవుల సొమ్ము తిని వాళ్లకి కట్టుబడిపోయానని ఒప్పుకున్నాడు. భీష్ముడే కాదు, ద్రోణుడూ కృపుడూ కూడా అదే సంజాయిషీ. ముగ్గురు మహానుభావులు, ఒకటే కారణం, జీతం.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి.

మాది వేదాద్రి. హైవే మీద చిల్లకల్లు దగ్గర దిగి లోపలికి రావాలి. నాన్న దగ్గర్లోని టౌన్‌లో ఒక విత్తనాలు, పురుగుమందుల షాపులో ఇరవై ఏడేళ్లు గుమస్తాగా చేశాడు. ఊళ్లో ఆయన్ని ఇంటిపేరుతో ఎవరూ పిలవరు, షాపు పేరుతోనే పిలుస్తారు. నేనెక్కడికి వెళ్లినా 'షాపాయన కొడుకువా' అనే అడిగేవాళ్లు. తాళాలు నాన్న దగ్గరే ఉండేవి. ఓనరు తిరుపతి వెళ్తే గల్లా నాన్నదే. పైసా తేడా రాలేదని ఓనరు నలుగురిలో చెబుతుంటే నాన్న నేలచూపులు చూస్తూ నవ్వేవాడు. అక్క పెళ్లికి ఆ ఓనరే వడ్డీ లేకుండా డబ్బు సర్దాడు.

నేను ఇంటర్‌లో ఉండగా ఒక సీజన్‌లో షాపుకి మిరప విత్తనాలు వచ్చాయి. 'ఈ సరుక్కి బిల్లు రాయొద్దు' అన్నాడు ఓనరు. అడిగినవాళ్లకి బిల్లు పుస్తకం అయిపోయిందని చెప్పమన్నాడు. నాన్న అలాగే చెప్పాడు. కొన్నవాళ్లలో మా బాబాయి కూడా ఉన్నాడు. తోడబుట్టిన తమ్ముడు. ఎకరంన్నర సొంతం, రెండెకరాలు కౌలు. తోట ఏపుగా పెరిగింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది, కాయ మాత్రం పట్టలేదు. వ్యవసాయాఫీసుకి ఫిర్యాదు చేద్దామంటే అక్కడ మొదటి ప్రశ్న బిల్లు ఏది, లాట్ నంబర్ ఎంత అని. రెండూ లేవు.

ఆ రోజుల్లో నాన్న ఇంట్లో ఎలా ఉన్నాడో నాకు బాగా గుర్తు. అన్నం కలిపి అలా చూస్తూ ఉండేవాడు. పొద్దున్నే మాత్రం టైముకి బస్సెక్కేవాడు. అమ్మ ఒకరోజు గట్టిగానే అడిగింది, 'మీ తమ్ముడికి కూడా చెప్పలేకపోయారా' అని. జవాబు లేదు.

నాన్నది పిరికితనం అనుకున్నాను చాలాకాలం. ఇప్పుడు ఆ మాట సరిపోదనిపిస్తోంది. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో 1961లో స్టాన్లీ మిల్గ్రామ్ అనే ఆయన ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. మామూలు జనాన్ని పిలిచి, పక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ పెంచుతూ పొమ్మన్నాడు. షాకులు ఉత్తుత్తివే, ఆ మనిషి నటుడే, కానీ స్విచ్ నొక్కేవాళ్లకి తెలియదు. పక్కన కోటు వేసుకున్నాయన 'కానివ్వండి' అంటుంటాడు. 40 మందిలో 26 మంది ఆఖరి 450 వోల్టుల దాకా వెళ్లారు. అయితే వాళ్లలో చాలామంది హాయిగా నొక్కలేదు. చెమటలు పట్టాయి, వణికారు, కొందరు పిచ్చిగా నవ్వారు. బాధపడుతూనే నొక్కారు. తల దించుకున్న భీష్ముడి సీన్ చూస్తే నాకు వాళ్లే గుర్తొస్తారు. బాధపడటం వేరు, ఆపడం వేరు.

అదే ప్రయోగాన్ని ఇంకో రకంగానూ చేశాడు. పక్కన ఇంకో ఇద్దరు కూడా స్విచ్ పని చేస్తున్నట్టు కూర్చోబెట్టి, మధ్యలో వాళ్లిద్దరూ 'మా వల్ల కాదు' అని లేచిపోయేలా చేశాడు. ఈసారి ఆఖరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే.

హస్తినాపురం సభలో అలా లేచినవాడు లేకపోలేదు. వికర్ణుడు, దుర్యోధనుడి సొంత తమ్ముడు. తనను తానే ఓడిపోయినవాడికి ద్రౌపదిని పందెం కాసే హక్కెక్కడిదని అడిగాడు. కర్ణుడు 'చిన్నపిల్లాడివి, నీకేం తెలుసు' అన్నట్టు కసురుకుని కూర్చోబెట్టేశాడు. వికర్ణుడి తర్వాత ఒక్క భీష్ముడు లేచి ఉంటే, ద్రోణుడూ కృపుడూ కూర్చునే ఉండేవాళ్లా? అంత పెద్ద సభలో పెద్దలందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ధర్మం సూక్ష్మం, తేల్చి చెప్పలేనన్నాడు తాతగారు. ఆఫీసుల్లో 'పైవాళ్లతో మాట్లాడి చెప్తాం' అంటారే, అలాంటిదే అది.

మనకి ఇలాంటి పాత్రలంటే ప్రాణం, అది కూడా ఒప్పుకోవాలి. 'కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు' అని 2015 నుంచి 2017 దాకా దేశమంతా జుట్టు పీక్కుంది. తీరా చూస్తే జవాబు ఒక్క ముక్క, శివగామి చంపమంది. అయినా థియేటర్లో కట్టప్పని ఎవరూ తిట్టుకోలేదు, పాపం అన్నారు. మా జిల్లాకి 2022లో ఎన్టీఆర్ పేరు పెట్టారు. నలభై నిండకుండానే 1962లో తెల్లజుట్టు పెట్టుకుని 'భీష్మ' సినిమా చేసిన మనిషి ఆయన. ఆ పాత్ర మీద మనకున్న మోజు అలాంటిది.

మరి ఎదిరించినవాళ్ల గతి? అన్న తప్పని చెప్పి బయటికొచ్చిన విభీషణుడికి మనం ఇచ్చిన బహుమతి ఒక సామెత, 'ఇంటి గుట్టు లంకకు చేటు'. ధృతరాష్ట్రుడి ఇంకో కొడుకు యుయుత్సుడు యుద్ధానికి ముందే పాండవుల వైపు నడిచి వచ్చేశాడు. చివర్లో పరీక్షిత్తుని కనిపెట్టుకుని ఉండే బాధ్యత ధర్మరాజు ఆయనకే అప్పజెప్పి వెళ్లాడు. ఆ పేరు మీలో ఎంతమంది విన్నారు? భీష్మ ఏకాదశి ఉంది, యుయుత్స ఏకాదశి లేదు.

మా ఊళ్లో ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. కృష్ణ ఒడ్డున మా గుళ్లో ఉన్నది యోగానంద లక్ష్మీనరసింహస్వామి. అంటే తండ్రి మాట విననన్న పసివాడి కోసం స్తంభం బద్దలుకొట్టుకుని వచ్చిన దేవుడు. అలాంటి స్వామి ముందు కూర్చుని భీష్ముడు చెప్పిన విష్ణు సహస్రనామం చదువుకుంటాం. ప్రహ్లాదుడికి పాఠాలు చెప్పిన చండామార్కుల మీద మాత్రం నాకు జాలి. వాళ్లు రాజుగారి కొలువులో ఉన్నారు. పిల్లాడు మారకపోతే వాళ్ల ఉద్యోగానికే ఎసరు. హిరణ్యకశిపుడికి ఎదురు చెప్పడం వాళ్ల వల్ల ఎక్కడవుతుంది?

ఆ లాక్‌డౌన్ మధ్యాహ్నం సభ సీన్ నాన్న కూడా నా పక్కనే కూర్చుని చూశాడు. ఆయనకి హిందీ రాదు, ఆ సీన్‌కి అవసరమూ లేదు. నేను 'లే గురూ' అన్నప్పుడు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

'లేచి ఎక్కడికి పోతాడ్రా?'

నేనేమీ అనలేదు. ఆ ప్రశ్నకి యుయుత్సుడు ఒక జవాబని నాకు తర్వాత తట్టింది. కానీ యుయుత్సుడికి వెళ్లడానికి అవతల ఒక పక్షం ఉంది, రమ్మని పిలిచిన ధర్మరాజు ఉన్నాడు. యాభై దాటిన గుమస్తాకి, అక్క పెళ్లి అప్పు సగం తీరకుండా, ఎవరు పిలుస్తారు? నేనైతే బాబాయికి ఒక్క బిల్లు రాసి ఇవ్వాల్సిందనే ఇప్పటికీ అంటాను. ఆ మాట నాన్నకీ చెప్పాను. కాదనలేదు.

బాబాయి ఆ అప్పు తీర్చడానికి నాలుగేళ్లు పట్టింది. నాన్న మీద ఎప్పుడూ ఒక్క మాట తూలలేదు, అదే నాన్నని ఎక్కువ బాధపెట్టిందని అమ్మ అంటుంది. ఇప్పుడు నాన్న షాపు మానేశాడు. సీజన్ రాగానే వీధి అరుగు మీద కూర్చుంటాడు. టౌన్ నుంచి విత్తనాల ప్యాకెట్లతో దిగిన ప్రతివాణ్నీ, తెలిసినా తెలియకపోయినా, ఆపి ముందు ఒకటే అడుగుతాడు.

'బిల్లు రాయించుకున్నావా?'