అ కి ఒకటి కలిపితే



1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి "హైటెక్ సిటీలో ఉద్యోగం" అనే మాట మన హాస్టళ్లలో వినబడుతూనే ఉంది. మేమూ ఆ మాట వింటూ పెరిగి, అమీర్‌పేటలో కోర్సు చేసి, ఆ అద్దాల మేడల్లోకి వెళ్లినవాళ్లమే. అక్కడ మాకు తరచూ ఎదురయ్యే ఒక చిన్న విషయం మీకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

కంప్యూటరుకు అక్షరాలు రావు. ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య గుర్తు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన చోటు 3072 నుంచి 3199 వరకు. అందులో అ 3077, ఆ 3078. అంటే అ కి ఒకటి కలిపితే ఆ రావాలి కదా! జావాలో కలిపి చూడండి, తెర మీద 3078 అని వస్తుంది. కూడికలో పడగానే అక్షరం కాస్తా సంఖ్య అయిపోయింది. దాన్ని తిరిగి అక్షరం చేయమని 'చార్' అని రాసి మనమే చెప్పాలి. అంకెలదీ ఇదే గొడవ. 5 ను అక్షరంగా దాస్తే దాని కోడ్ 53. అసలు విలువ కావాలంటే అందులోంచి 48 తీసేయాలి.

ఇది రెండు మార్కుల ప్రశ్నలా కనబడుతుంది గానీ, మేము హాస్టల్లో ఉన్నప్పుడు మాలో ఒకడి స్కాలర్‌షిప్పునే ఆపింది. వాడి బ్యాంకు ఖాతా నంబరు రెండు సున్నాలతో మొదలవుతుంది. జాబితా టైపు చేసిన చోట ఆ గడిని సంఖ్యగా పెట్టారు. సంఖ్యకు ముందున్న సున్నాకు విలువ లేదు గనుక రెండూ ఎగిరిపోయాయి. నాలుగు నెలలు డబ్బు రాలేదు. వాడి పరీక్ష ఫీజు మేమంతా తలా కొంత వేసుకుని కట్టాము.

ఖాతా నంబరు, హాల్‌టికెట్ నంబరు పేరుకే నంబర్లు. రెండు హాల్‌టికెట్లను ఎవరైనా కూడతారా? మన హైదరాబాద్ ఫోన్ కోడ్ 040 ని సంఖ్యగా దాస్తే మిగిలేది 40. ఎక్సెల్ అయితే 15 అంకెలు దాటిన సంఖ్యలో మిగతా అంకెలన్నీ సున్నాలు చేసేస్తుంది. ఇలాంటివి అక్షరాలుగానే దాచాలి.

పేర్లతోనూ జాగ్రత్త. కృష్ణ అంటే మనకు రెండక్షరాలే. కంప్యూటరుకు క, వట్రసుడి, ష, పొల్లు, ణ అని ఐదు కోడ్లు. యూటీఎఫ్-8 లో ఒక్కోదానికి మూడేసి బైట్లు, మొత్తం పదిహేను. ఇంగ్లీషు పేర్లను చూసి పది బైట్లు చాలనుకున్న ప్రోగ్రాములో కృష్ణ కాస్తా ష దగ్గరే తెగిపోతాడు!

ఈసారి స్కాలర్‌షిప్ జాబితా ప్రింటు గోడకు అంటించినప్పుడు పాస్‌బుక్కు పక్కన పెట్టుకుని, ముందు సున్నాలు లెక్కపెట్టండి.