లెక్క అడిగితే ద్రోహమా?

వక్ఫ్ ఎవరి అబ్బ సొత్తూ కాదు. అల్లా పేరు మీద రాసిచ్చేసిన భూమి. దాన్ని అమ్మడానికి వీల్లేదు. దాని మీద వచ్చేది మసీదుకి, దర్గాకి, ఖబరస్తాన్‌కి, బీదాబిక్కీకి చేరాలి. మా కట్టడాల్నీ మా గోరీల్నీ కాపాడాల్సిన అతి పెద్ద ధర్మసంస్థ అదే. మరి కాపాడుతోందా?

2006లో సచార్ కమిటీ తేల్చిన లెక్క ఇది: దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు. భూమి 6 లక్షల ఎకరాలు. ఏటా వస్తున్నది సుమారు 163 కోట్లు. సరిగ్గా నడిపితే 12 వేల కోట్లు రావాలట. ఆక్రమించినవాళ్ళలో సర్కారు శాఖలూ ఉన్నాయని ఆ కమిటీయే చెప్పింది.

మా ఏలూరు వైపు సంగతి చూడండి. గుంటుపల్లి బౌద్ధ గుహలకి పురావస్తు శాఖ కాపలా ఉంది. ఉండాల్సిందే. ఏలూరు తివాచీకీ దేశమంతా పేరుంది. ఆ తివాచీలు నేసిన మా నానా పడుకున్న ఖబరస్తాన్‌కి మాత్రం ప్రహరీ లేదు. అది కొల్లేటి దాపున ఉంది. వానలకి గోరీల మీదికి నీళ్ళొస్తాయి. ఏటా మేమే చందాలేసుకుని మట్టి తోలిస్తాం. దానికి రాసిచ్చిన పొలం లేదా? ఉంది. చేపల చెరువైపోయింది. కౌలెంతో, పాట ఎవరు పాడారో మాకెవరూ చెప్పరు. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలకే నలుగురి ముందూ వేలం వేస్తారే, అల్లా పొలానికి చాటుమాటు బేరమా?

జుమ్మా నమాజయ్యాక మా తమ్ముడు లెక్క చదవమన్నాడు. కమిటీ పెద్ద ఒకాయన కోప్పడ్డాడు. "ఒరే, బయటివాళ్ళు వింటే మనల్ని బతకనిస్తారా?" అన్నాడు. ఆ భయం ఉత్తదని నేననను. 2025లో వచ్చిన చట్టం బోర్డుల్లోకి ముస్లిమేతరుల్ని తెచ్చింది. ఏది సర్కారు భూమో, ఏది వక్ఫో తేల్చే పెత్తనం సర్కారు అధికారికే ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ పెత్తనాన్ని ఆపింది, ముస్లిమేతరుల సంఖ్యకి హద్దు పెట్టింది. మన ఇంటి దొంగని చూపించి మన ఇంటికే తాళం వేస్తామంటున్నారు. ఆ దొంగని మనమే ఎందుకు పట్టుకోకూడదు?

పట్టుకునేవాళ్ళని దగ్గరికి రానిస్తేగా! బోర్డులో కనీసం ఇద్దరు ఆడవాళ్ళుండాలని 2013లోనే చట్టాన్ని సవరించారు. మా ఊరి కమిటీలో ఒక్కరూ లేరు. దూదేకులవాళ్ళ చందా కావాలి, వాళ్ళకి కుర్చీ మాత్రం వెయ్యరు. దర్గా ఊడ్చేది, దీపం పెట్టేది ఎవరు? మా అమ్మీలూ ఖాలాలే కదా. వాళ్ళనెవరడిగారు?

పై నుంచి సర్కారు మనిషొచ్చినా, ఈ ముతవల్లీయే ఉన్నా, మా ఖబరస్తాన్‌లోకి నీళ్ళు అలాగే వస్తాయి. ఏ పొలం, ఎవరి కౌలు, ఎంత, ఏ ఖర్చుకి పోయింది? కాయితం మీద రాసి మసీదు గోడకి అంటించండి. తెలుగులో రాయండి. ఉర్దూ చదవడం రాని మేమూ చదువుకుంటాం.