మరో మూసీ... చదువుల రేవు!

మూసీ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది హైదరాబాదే. సముద్రం దాటి వెళ్తే అదే పేరుతో ఇంకో నది ఉంది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, పాలెంబాంగ్ నగరం మధ్య నుంచి పారుతుందది. ఇప్పుడు దాని మీద బొగ్గు పడవలు బారులు తీరి కనిపిస్తాయి. పదమూడు వందల ఏళ్ల కిందట ఆ ఒడ్డునే ఓ సంపన్న వర్తక రాజ్యం వెలిసింది. అదే శ్రీవిజయ.

భారతదేశం నుంచి చైనా వెళ్లే ఓడలకు మలక్కా జలసంధే దగ్గరి దారి. ఆ దారి మీద పెత్తనం శ్రీవిజయది. కర్పూరం, గంధం, లవంగాలు, చైనా పట్టు... అన్నీ ఇక్కడ చేతులు మారేవి. అప్పట్లో ఓడ నడవాలంటే గాలి వీయాలి. రుతుపవనం దిశ మారేదాకా నెలల తరబడి రేవులోనే మకాం. ఆ సమయంలో వర్తకులు బేరాలు చేసుకునేవారు. వాళ్లతోపాటు ఓడల్లో వచ్చిన బౌద్ధ భిక్షువులు చదువుకునేవారు!

చైనా భిక్షువు ఇత్సింగ్ 671లో గ్వాంగ్‌జౌలో ఓడెక్కి, ఇరవై రోజుల్లోపే ఇక్కడికి చేరాడు. ఆరు నెలలుండి సంస్కృత వ్యాకరణం నేర్చుకున్నాకే భారతదేశానికి బయల్దేరాడు. శ్రీవిజయలో వెయ్యి మందికి పైగా భిక్షువులున్నారనీ, భారత్ వెళ్లదలచిన వాళ్లు ముందు ఇక్కడ ఒకట్రెండేళ్లు చదువుకుంటే మంచిదనీ రాశాడు.

నలందలో పదేళ్లు చదివాక ఐదు లక్షల శ్లోకాల గ్రంథాలతో ఆయన తిరిగొచ్చిందీ ఇక్కడికే. అనువాదానికి కూర్చుంటే కాగితం, సిరా చాలలేదు. అవి పంపమని చైనాకు ఉత్తరం రాసి, ఇవ్వడానికి 689లో రేవులో ఉన్న ఓడెక్కాడు. అంతలో అనుకూలమైన గాలి వీచింది. ఓడ కదిలిపోయింది. గ్రంథాలు ఇక్కడ... ఆయన గ్వాంగ్‌జౌలో! అదే ఏడాది సహాయకులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. 695లో గానీ రాజధాని లోయాంగ్‌కు చేరలేదు.

ఈ చదువుల బంధం ఒకవైపే సాగలేదు. తొమ్మిదో శతాబ్దంలో సువర్ణద్వీప రాజు బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టిస్తే, పాల రాజు దేవపాలుడు దాని పోషణకు అయిదు గ్రామాలిచ్చాడు. పదకొండో శతాబ్దంలో బెంగాల్‌కు చెందిన అతీశుడు సముద్రం దాటి వచ్చి, సువర్ణద్వీపంలో ధర్మకీర్తి అనే ఆచార్యుడి దగ్గర పన్నెండేళ్లు చదివాడు. ఆ తర్వాత టిబెట్‌కు వెళ్లి ఆ బోధలను అక్కడ నాటాడు.

1025లో రాజేంద్ర చోళుడి నౌకాదళం దాడి చేసింది. ఆ దెబ్బ తర్వాత వైభవం క్రమంగా తగ్గింది. కొయ్యతో కట్టిన ఇళ్లు తేమకు కుళ్లిపోయాయి. చివరకు రాజ్యం పేరే మరుగునపడింది. 1918లో ఫ్రెంచి పండితుడు జార్జ్ సెడెస్ శాసనాలనూ చైనా రాతలనూ పోల్చి చూసి, శ్రీవిజయ ఉనికిని మళ్లీ లోకానికి చెప్పాడు.

ఇప్పుడు పాలెంబాంగ్ వెళ్తే మ్యూజియంలో సిగున్‌తాంగ్ గుట్ట దగ్గర దొరికిన నిలువెత్తు రాతి బుద్ధుణ్ని చూడొచ్చు. అందులో అమరావతి శిల్పుల పోకడ ఉందంటారు కొందరు పండితులు. నాటి కట్టడాలు చూడాలంటే మాత్రం ఉత్తరాన ఉన్న జాంబి దాకా వెళ్లాలి. శ్రీవిజయలో కలిసిపోయిందని ఇత్సింగ్ రాసిన మలయు రాజ్యం ఆ ప్రాంతానిదే. అక్కడ బతాంగ్‌హరి నది ఒడ్డున, మువారో జాంబిలో దురియన్ చెట్ల నడుమ ఎర్రటి ఇటుక ఆలయాలు బయటపడ్డాయి. ఇంకా ఎన్నో దిబ్బలు తవ్వకాల కోసం ఎదురుచూస్తున్నాయి.

ఆ పక్కనే బొగ్గు నిల్వలు, పామాయిల్ పరిశ్రమలు వచ్చి చేరాయి. పాలెంబాంగ్ దగ్గర మూసీ అడుగున గజ ఈతగాళ్లకు దొరికిన బంగారు వస్తువులు, పూసలు లెక్కాపత్రం లేకుండా అమ్ముడైపోయాయి. పోయింది బంగారమే అయితే అంత బాధ లేదు. వెయ్యి మంది భిక్షువులు ఎక్కడుండేవారో, ఎలా చదువుకునేవారో చెప్పాల్సిన ఆనవాళ్లు కూడా ఆ మట్టిలోనే, ఆ నీళ్లలోనే ఉన్నాయి.