మూడువందల పదకొండు మంది

మా లేడీస్ హాస్టల్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "మిరపకాయ్" అంటారు. కోపం ఎక్కువ కాబోలనుకునేరు. అదేం కాదు. నేనూ, మా నాన్నా కలిసి నడిపే వీడియో ఛానెల్ మిరప పంట గురించి కావడం వల్ల వచ్చిన బిరుదు అది. ఈ సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, "కథలూ కవితలూ నాకు రావు, ప్రాక్టికల్ రికార్డు రాయడం తప్ప" అన్నాను. "అయితే నీ ఛానెల్ ఎలా పైకొచ్చిందో రాయి, జూనియర్లకు ఉత్సాహంగా ఉంటుంది" అన్నాడు. పైకి రావడం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు బాగా తెలిసింది కిందికి రావడం. అదే రాస్తున్నాను.

మాది పల్నాడులో సాగర్ కుడి కాలవ కింద ఊరు. నాలుగెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. 2020లో బడులు మూతపడి ఫోన్లో పాఠాలు మొదలైనప్పుడు నాన్న అప్పు చేసి నాకో ఫోను కొన్నాడు. 2021 చివర్లో, నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, ఆ ఫోనుతోనే మొదటి వీడియో తీశాను. ఆ ఏడాదిని మా వైపు మిరప రైతు ఎవడూ మరచిపోడు. ఆకుముడత మనకు పాత చుట్టమే. ఈసారి పూతలో నల్లటి తామర పురుగు దిగింది. దాని పేరు త్రిప్స్ పార్విస్పైనస్ అనీ, అది ఆగ్నేయాసియా దేశాల పురుగనీ, మన దేశంలో 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారనీ నాకు డిగ్రీలో జువాలజీ తీసుకున్నాక తెలిసింది. అప్పటికి కళ్లకు కనబడిందల్లా ఒకటే. పూలు రాలిపోతున్నాయి, పిందె పడటం లేదు, ఊళ్లో మందుల కొట్టు మాత్రం తిరనాళ్లలా కిటకిటలాడుతోంది.

ఒకరోజు పొద్దున్నే నాన్న ఒక పువ్వు తెంపి నా రఫ్ నోట్సులో తెల్ల కాగితం మీద దులిపాడు. నువ్వుగింజ కన్నా చిన్నవి, నల్లగా, ఇరవై దాకా కాగితం మీద పరుగులు తీశాయి. నేను ఫోను పట్టుకున్నాను. "చూడండి, ఇదీ సంగతి. నాలుగు రకాలు కొట్టాను, చావట్లేదు. మీలో ఎవరికన్నా తెలిస్తే కాస్త చెప్పండి" అని నాన్న తన ఫోను నంబరు కూడా గడగడా చదివేశాడు. నాలుగు నిమిషాల వీడియో. నెల తిరిగేసరికి రెండు లక్షల మంది చూశారు!

గమనించండి, అందులో నాన్న ఎవరికీ ఏమీ చెప్పలేదు, అడిగాడు. జనం కూడా ఫోన్లు చేసి అడిగారు. సరిగ్గా అన్నం ముందు కూర్చునే వేళకు ఫోను మోగేది. అమ్మ కంచం మీద కంచం బోర్లించి కూర్చునేది. "వాళ్లకు కూడా తెలవదంట" అని నాన్న వచ్చి చల్లారిన అన్నం తినేవాడు. నాన్న మొహంలో దిగులు ఉండేది గాని, ఒంటరితనం మాత్రం పోయింది.

అట్లా ఛానెల్ పెరిగింది. నారు పోయడం, నీలి రంగు జిగురు అట్టలు కట్టడం, కల్లంలో తాలు ఏరడం, అన్నీ తీశాం. ఒక్కో వీడియో ఆరేడు వేలమంది చూసేవాళ్లు. వెయ్యిమంది చందాదారులూ, పన్నెండు నెలల్లో నాలుగువేల గంటల వీక్షణమూ ఉంటే ప్రకటనల డబ్బులో వాటా ఇస్తారు. ఆ గీత దాటాం. వంద డాలర్లు పోగైతే గాని బ్యాంకుకు పంపరు. నెలకోసారి కాకపోయినా రెండు మూడు నెలలకోసారి వచ్చేది. ఇక్కడ చేరాక నా మెస్సు బిల్లు చాలావరకు దాంతోనే కట్టాను. ఇంట్లో చెయ్యి చాచకుండా మెస్సు బిల్లు కట్టడంలో ఉండే దర్జా ఏమిటో హాస్టలు మిత్రులకు చెప్పనక్కర్లేదు.

2024 వానాకాలంలో మొదలైంది పతనం. ఆరువేలు రెండువేలైంది, రెండువేలు తొమ్మిదివందలైంది, దీపావళికి నాలుగువందల దగ్గర ఆగింది. ఛానెల్ అదే, చేను అదే, నాన్న అదే. నాకు పిచ్చెక్కినంత పనైంది. రాత్రి పడుకోబోయే ముందు, లేవగానే, టిఫిన్ వరసలో, అంకెలు చూడటమే పని. ఒకసారి టైట్రేషన్ చేస్తుండగా లెక్చరరు గారు వచ్చి "రీడింగ్ ఎంతమ్మా?" అని అడిగారు. "నాలుగువందల పన్నెండు సార్" అన్నాను. బ్యూరెట్లో పట్టేదే యాభై మిల్లీలీటర్లు! ఆయన ఏమనుకున్నారో ఏమో, ఒకసారి నా మొహంలోకి చూసి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఈ సంచిక ఆయన చదువుతారు కనుక కారణం ఇప్పుడు మనవి చేసుకుంటున్నాను.

స్నేహితురాళ్లు తలా ఒక వైద్యం చెప్పారు. "నీ ఛానెల్‌ను లోపల ఎవరో తొక్కేశారే" అంది ఒకతె. సాయంత్రం ఆరుకే పెట్టమంది ఒకతె. తీసేసి మళ్లీ పెట్టమంది ఇంకొకతె. అన్నీ చేశాను. ఆ వేదిక పేరు రాయను గాని, వాళ్లకు విన్నపం కూడా పంపాను. మీ ఛానెల్‌లో లోపమేదీ కనబడలేదు, మంచి వీడియోలు చేస్తూ ఉండండి, అని జవాబు వచ్చింది. జబ్బు లేదు, రోగి మాత్రం లేవడం లేదు!

సైన్సు విద్యార్థిని కదా, చివరికి కారణం నేనే వెదుక్కున్నాను. ఆ ఇంజనీర్లే 2016లో ప్రచురించిన పరిశోధన పత్రం ఒకటి దొరికింది. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం మా కల్లంలో పనిలాంటిదే. లక్షల వీడియోల్లోంచి యంత్రం ముందు కొన్ని వందలు ఏరుతుంది, తర్వాత ఆ వందలకు వరస కడుతుంది. ఈ మనిషి దీన్ని ఎంతసేపు చూస్తాడు అని వేసుకున్న అంచనాను బట్టి వరస. అది చదివి మా లెక్కలు తీశాను. మా వీడియో బొమ్మ ఎంతమంది కళ్లముందు పడింది, వాళ్లలో ఎంతమంది నొక్కారు, నొక్కినవాళ్లు ఎంతసేపు ఉన్నారు, అన్నీ గ్రాఫులుగా ఇస్తారు. మూడో గ్రాఫు చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొదటి ముప్పై సెకన్లలోనే గీత నిట్టనిలువుగా పడిపోతోంది. ఆ ముప్పై సెకన్లూ మా నాన్న ఏం చేస్తాడంటే, తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుని, గొంతు సవరించుకుని, కాలవలో నీళ్లు వచ్చిందీ లేనిదీ చెబుతాడు.

కాబట్టి మమ్మల్ని ఎవరూ తొక్కలేదు. నల్ల పురుగంటే మొదటి ఏడాది ఉన్న భయం జనంలో తగ్గింది. వ్యవసాయ ఛానెళ్లు ఊరికొకటి పుట్టాయి. డ్రోన్‌తో చేను మీంచి తీసేవాళ్లున్నారు, అందంగా మాట్లాడేవాళ్లున్నారు. ఇదంతా ఒప్పుకున్నాను. ఒక్కటి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను. పువ్వు ఎలా దులిపి చూడాలో నలభై సెకన్లలో నేర్చుకుని, ఫోను జేబులో పెట్టుకుని చేలోకి పోయిన రైతు కూడా ఆ గ్రాఫులో మమ్మల్ని వదిలి పారిపోయినవాడి కిందే లెక్క. వాడికి పని జరిగింది, మాకు మార్కు పోయింది. ఇదెక్కడి వాల్యుయేషన్?

ఇంతవరకు చెప్పడం సులభం. ఇక చెప్పడానికి మొహం చెల్లని సంగతి.

2024 డిసెంబరులో మెస్సు బిల్లు రెండు నెలలది బాకీ పడింది. ఇంట్లో అడగడానికి మనసొప్పలేదు. ఆ వారం పెట్టాల్సిన వీడియో మామూలుదే. లాం ఫారం శాస్త్రవేత్తలు చెబుతూ వచ్చిన పద్ధతే, జిగురు అట్టలు, వేపనూనె, అనవసరంగా మందుల మీద మందులు కొట్టకపోవడం. నాన్న అందులో "కాస్త తగ్గినట్టుంది" అన్నాడు, అంతే. నేను తలగుడ్డ ముప్పై సెకన్లూ కత్తిరించేశాను. అంతటితో ఆగితే బాగుండేది. నాన్న నోరు తెరిచి ఉన్న బొమ్మ ఒకటి ఎంచి, పక్కన ఎర్ర బాణం గీసి, పెద్ద అక్షరాలతో పేరు పెట్టాను: "ఒక్క స్ప్రేతో నల్ల తామర పురుగు మాయం!"

ముప్పై ఎనిమిది వేల మంది చూశారు. ఆ వారం నేను హాస్టల్లో నడవలేదు, తేలాను. రూమ్మేట్లకు సమోసాలు కూడా పెట్టించాను.

నంబరు మాత్రం నాన్నదని మరిచిపోయాను. జనవరి మొదట్లో ఖమ్మం వైపు నుంచి ఒక రైతు ఆయనకు ఫోను చేశాడు. అతను వీడియో అంతా చూడలేదు. పేరు చదివి మందుల కొట్టుకు వెళ్లి, "పల్నాడు రైతు ఒక్క స్ప్రేతో పోగొట్టిన మందు" అడిగాడు. అట్లా అడిగితే కొట్లో ఏదో ఒకటి ఇవ్వకుండా పంపుతారా? రెండు మందులు కలిపి ఇచ్చారు. ఒకటికి మూడుసార్లు కొట్టాడు. రెండెకరాలకు పద్దెనిమిది వేలు అయిందట. అతను నాన్నను తిట్టలేదు. "అన్నా, మా చేన్ల పోలేదు. మీ చేన్ల నిజంగా పోయిందా?" అని మాత్రం అడిగాడు. నాన్న ఉన్నమాట చెప్పాడు. "మా చేలోనూ ఉంది తమ్ముడూ." అవతల కాసేపు మాట లేదట. తర్వాత ఫోను పెట్టేశాడట.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నాన్న ఇదంతా మామూలుగానే చెప్పాడు, భోగి మంటకు కట్టెలు సర్దుతూ. ఆయనకు కళ్లజోడు లేనిదే ఫోన్లో అక్షరాలు కనిపించవు. ఆ పేరేమిటో చదివి వినిపించమన్నాడు. చదివాను. రెండోసారి చదవమన్నాడు. చదివాను.

"నేనెప్పుడన్నానమ్మా ఆ మాట?"

అంతే అన్నాడు. ఆ తర్వాత పండగ మూడు రోజులూ నాతో మామూలుగానే మాట్లాడాడు. అరిసెలు తినమన్నాడు, బస్సుకు డబ్బులిచ్చాడు. కొట్టినా బాగుండేదనిపించింది.

ఆ రాత్రే పేరు మార్చాను. మర్నాడు చేలో నిలబడి, ఈసారి నేనే మాట్లాడి, చిన్న వీడియో పెట్టాను. పేరు "మా చేలో పురుగు పోలేదు". పేరు పెట్టింది నేనేననీ, నాన్న ఆ మాట అనలేదనీ చెప్పాను. నాన్న పువ్వు దులిపాడు. పన్నెండు లెక్కపెట్టాం. ఆ వీడియో వారం రోజుల్లో చూసినవాళ్లు మూడువందల పదకొండు మంది. అబద్ధానికి ముప్పై ఎనిమిది వేలు. ఖమ్మం రైతుకు నాన్న తనే మళ్లీ ఫోను చేశాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఆ పద్దెనిమిది వేలు మేము ఇవ్వలేదు, ఇవ్వగలిగే స్థితిలోనూ లేము. అది రాయకుండా దాటేస్తే ఇదీ ఇంకో ఎర్ర బాణమే అవుతుంది.

ఫిబ్రవరిలో నాన్నతో గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాను. 2023లో క్వింటా ఇరవై వేలు దాటి పలికిన కాయ పదకొండు వేలకు అటూ ఇటూ ఊగుతోంది. క్వింటాకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం చేసుకుంటామని కేంద్రం ప్రకటించింది ఆ నెలలోనే. మా టిక్కీలకు ఆ రోజు పలికింది పదివేల ఎనిమిదివందలు. కాయలో లోపం లేదు. రంగు ఉంది, తాలు లేదు, తేమ లేదు. నాకు ఉక్రోషం ఆగలేదు.

"అదే కాయ కదా నాన్నా, ఎందుకిట్టా పడిపోయింది?"

"కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకుందంట. ఎగుమతి కూడా మందంగా ఉందంట" అని ఆగి, "నీ వీడియోలు చూసేవాళ్లు తగ్గారన్నావే, ఎందుకో తెలిసిందా?" అన్నాడు.

"కొంత తెలిసింది."

"నాకూ అంతే. కొంత తెలుసు."

కాటా దగ్గర మా వంతు రావడానికి చాలాసేపు పట్టింది. టిక్కీల మీద కూర్చున్నాం. "ఆ మూడొందల పదకొండు మందీ ఎవరమ్మా?" అని అడిగాడు. నేను వాళ్లను అంకెగా తప్ప చూడలేదు. ఫోను తీసి కింద రాసిన మాటలు ఒక్కొక్కటీ చదివాను. రాయచూరు జిల్లాలో సింధనూరు దగ్గర మన తెలుగువాళ్ల క్యాంపులో ఉండే రైతు ఒకాయన రాశాడు, మాదీ పోలేదు, నిజం చెప్పినందుకు సంతోషం అని. ఒకాయన, పూతకు ముందే అట్టలు కట్టి చూశారా అని అడిగాడు. ఒకామె, మీ నాన్నగారిని ఏమీ అనకండి అని రాసింది. పనేమీ లేని ఒకాయన నా యాసను వెక్కిరించాడు. నాన్న అన్నీ విన్నాడు. అట్టల ప్రశ్న దగ్గర "ఏదీ, మళ్లీ చదువు" అన్నాడు. చదివాను. ఫోను తియ్యమన్నాడు. ఆ టిక్కీల మీదనే కూర్చుని, తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుని, గొంతు సవరించుకుని, అప్పుడు మొదలెట్టాడు. నేను ఏమీ కత్తిరించలేదు. రెండువందల ఎనభై మంది చూశారు.

మెస్సు బిల్లు ఆ నెల నుంచి మళ్లీ ఇంటినుంచే వస్తోంది. సాయంత్రాలు ఇద్దరు పదో తరగతి పిల్లలకు సైన్సు చెప్పి కొంత నేనూ కలుపుతున్నాను. ఈ ఏడు నాన్న కౌలు మూడెకరాల్లో మొక్కజొన్న వేశాడు. మిరప సొంత చేలో రెండెకరాలే. ఆ అడిగినాయన మాట ప్రకారం నీలి అట్టలు పూతకు ముందే కట్టాం. పూత మొదలైందని నిన్న అమ్మ ఫోను చేసింది. ఆదివారం పొద్దున బస్సుకు వెళుతున్నాను, పూలు దులిపి లెక్కపెట్టాలి.