కనిపెట్టుకుని ఉంటే...

తాడేపల్లిగూడెం స్టేషన్‌లో ప్యాసింజరు కోసం గంటన్నర ఎదురుచూపు. ఉల్లి మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు కదా, ప్లాట్‌ఫాం మీద గాలిక్కూడా ఆ ఘాటే. నా చేతిలో ఓ పాత పుస్తకం. పదహారు వందల ఏళ్ల కిందట ఈజిప్టు ఎడారుల్లో బతికిన క్రైస్తవ తపస్వుల మాటలూ, ముచ్చట్లూ. హెలెన్ వాడెల్ అనే విదుషీమణి లాటిన్ నుంచి ఇంగ్లిషులోకి తెచ్చారు. 1936లో అచ్చయింది. రెండో చేతిలో ఎర్ర పెన్ను.

గుడ్ ఫ్రైడే వస్తోంది. ఏలూరు, కొల్లేరు తిరిగి ఓ కథనం రాయాలి. 'ఆ పాత యోగుల రాతలు మనవాళ్లకి ఏం చెబుతాయో చూడు' అన్నారు డెస్కులో. చూడ్డమెంతసేపు? ఇది అతిశయోక్తి. ఇది కట్టుకథ. ఇది ఈ రోజుల్లో కుదరదు. పక్కన గీతలు పెట్టుకుంటూ పోయాను. రైలొచ్చేసరికి నలభై పేజీలయ్యాయి. చదివేశాననుకున్నాను. నిజానికి నేను చేసింది దిద్దడం!

ఆ నలభై పేజీల్లో నాకు నచ్చింది అర్సేనియస్ కథ. గొప్ప చదువరి. రోమన్ చక్రవర్తి కొడుకులకు పాఠాలు చెప్పాడని సంప్రదాయం. అన్నీ వదిలి ఎడారికి వెళ్లిపోయాడు. ఓ రోజు తన మనసులో మెదిలే ఆలోచనల గురించి ఓ ముసలి పల్లెటూరి సన్యాసిని అడుగుతూ కనిపించాడు. చూసినవాళ్లకు ఆశ్చర్యం. గ్రీకు, లాటిన్ అన్నీ వచ్చిన మీరు ఈయన్ని అడగడమేమిటన్నారు. ఆ చదువులు వచ్చినమాట నిజమేగానీ, ఈ పెద్దాయన దగ్గర ఓనమాలే ఇంకా పట్టుబడలేదని జవాబిచ్చాడట.

'బాగుంది. హెడ్డింగుకు పనికొస్తుంది' అని పక్కన రాసుకున్నాను. అంతకుమించి నాకేమీ తట్టలేదు.

అర్థం కాలేదనే కూర్చున్నాను

ఏలూరులో దిగి ఆటో ఎక్కితే వినిపించే పేర్లలో థెరిసా కాలేజీ ఒకటి. ఆ పేరుగల ప్రసిద్ధ సన్యాసినులు ఇద్దరున్నారు. స్పెయిన్‌లోని ఆవిలాకు చెందిన థెరిసా (1515-1582), ఫ్రాన్స్‌లోని లిసియూకు చెందిన థెరిసా (1873-1897). ఇద్దరూ అంతరంగ ప్రార్థన గురించి రాసినవాళ్లే. విశేషమేమిటంటే, ఇద్దరూ పేరు కోసం రాయలేదు. మఠంలో పెద్దలు రాయమంటే, కాదనలేక కలం పట్టారు. 'నాకేం తెలుసని?' అన్న జంకు ఆ రాతల్లో అడుగడుగునా కనిపిస్తుంది.

ఈ ప్రాంతానికి క్రైస్తవం కొత్త కాదు. 1841లో నోబుల్, ఫాక్స్ అనే ఇంగ్లిషు మిషనరీలు మచిలీపట్నం వచ్చారు. 1854 నాటికి ఆ మిషన్ ఏలూరుకూ చేరింది. కథోలికులకు 1976లో ఏలూరు ప్రత్యేక పీఠమైంది. అయితే ఎడారి యోగుల మౌనానికి దగ్గరగా వచ్చేది ఏది అని వెతికితే, నాకు దొరికింది గోదావరి గట్టున పుట్టిన మాటే... 'సన్నిధి'.

రాజమండ్రి దగ్గరి జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు లూథరన్ సంఘంలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1938 జనవరి 31న ఆయనకు గాలిలో బంగారు అక్షరాలతో 'బైబిలు మిషను' అన్న పేరు కనిపించిందని అనుచరులు చెబుతారు. ఆ పేరుతోనే సంఘం మొదలైంది. ఆయన 1960లో గుంటూరు దగ్గర కాకానిలో కన్నుమూశారు. దేవదాసు అయ్యగారు నేర్పిన సాధనే సన్నిధి. పాడటం, అడగటం అయ్యాక నోరు మూసుకుని దేవుడి ఎదుట ఊరికే కూర్చోవడం.

ఏలూరు శివారు కాలనీలో అలాంటి కూటానికి వెళ్లాను. చిన్న డాబా ఇల్లు. గుమ్మంలో చెప్పుల గుట్ట. లోపల చాపల మీద పాతికమంది, ఎక్కువమంది ఆడవాళ్లే. ఒకావిడ 102వ కీర్తన చదివింది. తర్వాత నిశ్శబ్దం. ఐదు నిమిషాలకు వాచీ చూసుకున్నాను. పదో నిమిషంలో ఫోన్ తడుముకున్నాను. పక్కింటి కుక్కరు నాలుగు కూతలు వేసింది. లోపల ఎవరూ కదల్లేదు.

అయ్యాక, నా పక్కన కూర్చున్న పెద్దావిణ్ణి పలకరించాను. చదువు రాదట.

"మామ్మగారూ, ఇందాక చదివిన కీర్తనలో మీకేం అర్థమైంది?"

"ఏమీ అర్థం కాలేదు నాయనా."

"మరి అంతసేపు కూర్చున్నారు!"

"అర్థం కాలేదనే కదా కూర్చున్నాను. అర్థమైపోతే లేచెళ్లి వంట చేసుకునేదాన్ని."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నాకు మాత్రం పుస్తకంలోని మరో కథ గుర్తొచ్చింది. ఎడారి తపస్వుల్లో పెద్దవాడు ఆంటోనీ. ఆయన్ని చూడ్డానికి కొందరు సన్యాసులు వచ్చారు. వాళ్లలో జోసెఫ్ అనే ఆయనా ఉన్నాడు. ఆంటోనీ ఓ బైబిలు వాక్యం ఇచ్చి, చిన్నవాళ్లతో మొదలుపెట్టి, దీనర్థమేమిటని ఒక్కొక్కర్నీ అడిగాడు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ప్రతివాళ్లకీ 'నీకింకా దొరకలేదు' అన్నదే సమాధానం. చివరికి జోసెఫ్ వంతు. తెలియదన్నాడు. దారి దొరికింది ఈయనకేనని ఆంటోనీ తేల్చేశాడు.

ఆ రాత్రి లాడ్జిలో పుస్తకం తీసి చూశాను. ఆ కథ పక్కన నా ఎర్ర సిరా రాత: 'ముగింపు బలహీనం'.

గూడబాతు చెప్పిన పాఠం

మర్నాడు పొద్దున్నే కైకలూరు రోడ్డు పట్టాను. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో పరుచుకున్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లను దాచుకుని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది. ఆటపాక దగ్గర చెట్ల నిండా గూడబాతులు. ఒకటే గోల! నిన్నటి 102వ కీర్తన గుర్తొచ్చింది. అందులో దుఃఖంలో ఉన్న మనిషి తనను ఒంటరి గూడబాతుతో పోల్చుకుంటాడు. 'ఆ కవి ఆటపాక చూడలేదు కాబోలు. ఇవి గుంపుగా బతికే పక్షులు కదా' అనుకున్నాను. బ్యాగులో పెన్ను కోసం చెయ్యి పోయింది కూడా.

అంతలో చూశాను. గుంపుకు దూరంగా, నీళ్లలో పాతిన గుంజ మీద ఒక గూడబాతు. మెడ ముడుచుకుని, ముక్కు రొమ్ముకు ఆనించి, అలా ఉండిపోయింది. ఎంతసేపు చూసినా కదల్లేదు. పెన్ను బయటికి తీయలేదు.

కాస్త అవతల తాటిదోనెలో ఒకాయన వల వేసి కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"ఏముందండీ... కనిపెట్టుకుని ఉన్నానండి."

ఎంత మంచి మాట! కొత్త సంగతి కనుక్కుంటే కనిపెట్టడం అంటాం. పసిబిడ్డను కాచుకోవడమూ కనిపెట్టుకుని ఉండటమే. తెలుగు బైబిలు అదే మాటను దేవుడి కోసం ఎదురుచూడటానికి వాడుకుంది. సన్నిధి కూటాల్లోనూ ఇదే మాట వినిపిస్తుంది. కనుక్కోవడం, కాచుకోవడం, ఎదురుచూడటం మూడూ ఒకే పని అని భాషే చెబుతోంది. నేను మొదటిది ఒక్కటే చేద్దామని బయల్దేరాను.

కొల్లేరు కథా అలాంటిదే. నీరు, కిక్కిస గడ్డి తప్ప ఏముందిక్కడ అనుకున్నవాళ్లకు అది ఖాళీ జాగాలా కనిపించింది. గట్లు వేసి చేపల చెరువులు తవ్వారు. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో గట్లను తెగ్గొట్టారు. ఆ చెరువుల మీదే బతికిన కుటుంబాలు రోడ్డున పడ్డాయి. ఆ వివాదం ఇప్పటికీ నలుగుతూనే ఉంది. ఎవరిది తప్పో తేల్చడం ఈ కథనం పని కాదు. కానీ సరస్సును చూసి 'ఎన్ని ఎకరాలొస్తాయి?' అని లెక్కేసిన చూపు నాకు పరాయిది కాదు. స్టేషన్‌లో కూర్చుని నేను పుస్తకాన్ని చూసింది అలాగే... 'ఎన్ని పేరాలొస్తాయి?'

వినయమంటే నమ్మేయడమా?

కాదు. ఆ పాత యోగులే ఒప్పుకోరు. వాళ్ల కథల్లో ఒకటుంది. ఓ సన్యాసి ముందు సైతాను దేవదూత వేషంలో ప్రత్యక్షమై, తాను గబ్రియేలునని, నీ కోసమే వచ్చానని అంటాడు. 'చూడండి, మిమ్మల్ని ఇంకెవరి దగ్గరికో పంపి ఉంటారు. నేను అంతటివాణ్ణి కాదు' అన్నాడట ఆ సన్యాసి. అంతే, ఆ రూపం మాయం. తన కళ్లకు కనిపించిందాన్ని కూడా తొందరపడి నమ్మలేదు ఆయన. వినయమే ఆయనకు జాగ్రత్త నేర్పింది. అనుమానించడానికైనా, నమ్మడానికైనా ముందు కాసేపు ఆగమంటాయి ఆ కథలు. నాలో లేనిది ఆ ఆగడమే.

ఇంకో సంగతి. ఈ రాతలు చాలావరకూ మన కోసం రాసినవి కావు. 397 ప్రాంతంలో అగస్టీన్ మొదలుపెట్టిన ఆత్మకథ మొత్తం దేవుడితో మాట్లాడుతున్నట్టే సాగుతుంది. ఎడారి పెద్దల మాటలు ఫలానా శిష్యుడికి, ఫలానా కష్టంలో చెప్పినవి. శిష్యులు గుర్తుపెట్టుకుని చెప్పుకోగా, తర్వాతివాళ్లు రాసిపెట్టారు. ఎవరో ప్రార్థన చేసుకుంటుంటే మనం గుమ్మంలో నిలబడి వింటున్నట్టు లెక్క. గుమ్మంలో ఎలా నిలబడాలో ఏలూరు కాలనీలో ఆ చెప్పుల గుట్ట చెప్పనే చెప్పింది.

తిరుగు ప్రయాణంలో మళ్లీ పుస్తకం తెరిచాను. మొదటి పేజీ నుంచి. అర్సేనియస్ కథ దగ్గర నా రాత కనిపించింది, 'హెడ్డింగుకు పనికొస్తుంది' అని. ఓ మహా పండితుడు ఓ పల్లెటూరి పెద్దాయన ముందు తల వంచితే, నేను దాన్ని హెడ్డింగుకు కొలిచాను! కొట్టేద్దామనుకుని మళ్లీ ఆగాను. ఉండనీ. ఇంకోసారి చదివినప్పుడు నన్ను నాకు గుర్తుచేస్తుంది.

రైలు తాడేపల్లిగూడెం దాటింది. అప్పటికి మూడే పేజీలయ్యాయి. అర్థమైందా అంటే... లేదు మామ్మగారూ. అందుకే ఇంకా కూర్చునే ఉన్నాను.