కిర్రుమనే మేడ

మా నానమ్మ వాళ్ల ఇంట్లో మేడ మీద ఎవరు నడిచినా కింద గదిలో వాళ్లకి తెలిసిపోతుంది. కోనసీమలో ఉన్న పాత మండువా ఇల్లు అది. ముందు భాగం మీద ఒక మేడగది. దాని నేల సిమెంటు కాదు. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా పట్టెలు, ఆ పైన చెక్క పలకలు. అడుగు వేస్తే కిర్రు, తీస్తే కర్రు.

ఈ వేసవిలో బాబాయి తేల్చేశాడు. "ఇది ఎప్పుడో కూలుతుంది. చెక్కంతా అమ్మేసి శ్లాబ్ పోయించేద్దాం." ఆ గది తాతయ్య కట్టించింది. నానమ్మ ఏమీ అనలేదు. ఆవిడ మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టు కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

నా డౌట్ ఒక్కటే. చప్పుడు చేసేదల్లా బలహీనమైనదేనా? నాన్నని ఒప్పించి ఊళ్లో పెద్ద వడ్రంగిగారిని పిలిపించాను. ఆయన పలకల జోలికి పోలేదు. ముందు దూలాల చివరలు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూశారు. తడి, చెదలు మొదట పట్టేది అక్కడేనట. తర్వాత దూలం కింద దారం లాగి పట్టుకుని, వంగిందేమో చూశారు.

"దూలానికేం కాలేదు బాబూ. మేకులు వదిలేశాయంతే."

చెక్క వానాకాలంలో తేమ పీల్చి వెడల్పు పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే మేకు పట్టు సడలుతుంది. అప్పుడు కాలు పెట్టగానే పలక మేకు వెంట కిందికి జారుతుంది, తీయగానే పైకి లేస్తుంది. ఆ రాపిడే కిర్రు. అంటే చప్పుడు చెప్పేది 'విరుగుతున్నా' అని కాదు, 'కదులుతున్నా' అని.

కోడ్‌లో బగ్ వస్తే ముందు దాన్ని రిప్రొడ్యూస్ చేయమంటారు కదా, ఇక్కడా అదే. పైన తమ్ముడు నడిచాడు, కింద నేను నిచ్చెన మీద నిలబడి, చప్పుడు వచ్చిన ప్రతి చోటా సుద్దముక్కతో గీత పెట్టాను. గది అంతా మోగుతోంది అనుకున్నాం. తీరా చూస్తే పదకొండు చోట్లే.

పలకకీ పట్టెకీ మధ్య సందు కనిపించిన చోట, సన్నగా చెక్కిన చెక్క ముక్కకి జిగురు రాసి చేత్తోనే దూర్చారు. సుత్తితో కొడితే పలక పైకి లేచి పక్కన కొత్త చప్పుడు మొదలవుతుందట. మిగతా చోట్ల బర్మాతో ముందు కన్నం వేసి, స్క్రూకి కాస్త సబ్బు రాసి బిగించారు. కన్నం లేకుండా బిగిస్తే పాత టేకు చీలుతుంది. పలకల అంచులు ఒకదానికొకటి రాసుకునే చోట టాల్కం పౌడర్ చల్లాం. పలకల మధ్య సందులు మాత్రం పూడ్చనివ్వలేదు. "వానల్లో ఉబ్బడానికి చోటుండాలి కదండీ" అన్నారు.

శ్లాబ్ సంగతి సివిల్ చదివే ఫ్రెండ్‌ని అడిగాను. ఐదు అంగుళాల శ్లాబ్ చదరపు మీటరుకి 300 కిలోల పైనే ఉంటుంది. అంగుళం మందం టేకు పలకలు అదే చోట 20 కిలోలు కూడా ఉండవు. దూలాలు, పట్టెలు కలిపినా శ్లాబ్ దరిదాపులకి రాదు. ఆ పాత గోడలు ఈ బరువు కోసం కట్టినవి కావు. ఈ లెక్క చెప్పాక బాబాయి కాసేపు గోడల వైపే చూశాడు.

మేడగది పూర్తిగా నిశ్శబ్దం అయిపోలేదు. ఇంకా రెండు చోట్ల మెల్లగా మూలుగుతుంది. వానలు మొదలయ్యాక ఇంకోచోట మొదలవ్వొచ్చు. బాబాయి కూడా శ్లాబ్ మాట పూర్తిగా వదల్లేదు, 'వచ్చే ఏడాది చూద్దాం' అంటున్నాడు.

మిగిలిన స్క్రూల్ని నానమ్మ ఖాళీ ఊరగాయ సీసాలో పోసి మూత బిగించి, బీరువాలో పెట్టింది. మళ్లీ అవసరపడతాయంది.