పరుగు వేళ ఎవరిది?

విశ్రాంత జీవితంలో ఉదయపు నడక నాకు అలవాటైంది. ఆ నడకలో పరిచయమైన మిత్రులం కొందరం కలిసి, పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుల సహాయార్థం విశాఖపట్నం సాగరతీరంలో ఒక పరుగు నిర్వహించాలని తలపెట్టాము. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని ‘వణుకు పక్షవాతం’ అన్న పేరుతో వర్ణించాడు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్ దినంగా పాటిస్తారు. దానికి దగ్గరలోని ఆదివారాన్ని ఎంచుకొని, ఎండకు వెరచి, ఉదయం ఐదున్నరకే పరుగు అని కరపత్రాలు అచ్చువేయించాము.

మొదటి కరపత్రం తీసుకొని ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంటికి వెళ్ళాను. ఆయన చాలాకాలం నా వద్ద వైద్యం పొందారు. ఒకప్పుడు నల్లబల్లపై ముత్యాల్లాంటి అక్షరాలు రాసిన ఆయన సంతకం ఇప్పుడు చీమలబారులా చిన్నదైపోయింది. కరపత్రం చదివి, ఆయన మెల్లగా అన్నారు: “డాక్టరుగారూ, ఐదున్నరకు నేను మంచం మీద పక్కకు కూడా ఒత్తిగిల్లలేను. ఈ పరుగు మా కోసమేనా?”

నా వద్ద సమాధానం లేదు. ఆయన మందుల వేళలు రాసిచ్చిన చేయి నాదే.

మెదడు అడుగుభాగంలో నల్లగా కనిపించే ఒక చిన్న ప్రాంతంలోని కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. ఆ కణాలు క్రమంగా నశించడంవలన కదలికలు మందగిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి, కొందరిలో చేతులు వణుకుతాయి. లీవోడోపా అనే మందు మెదడులో డోపమిన్‌గా మారి ఉపశమనమిస్తుంది. అయితే రాత్రి వేసుకున్న మందు ప్రభావం తెల్లవారేసరికి తరిగిపోతుంది. ఉదయపు మోతాదు పనిచేయడానికి అరగంట నుంచి గంట వరకు పట్టవచ్చు. అంతవరకు చొక్కా బొత్తాము పెట్టుకోవడమే ఒక యుద్ధం.

కరపత్రాలు మళ్ళీ అచ్చువేయించాము. పరుగు ఐదున్నరకే ఉంచి, ఏడుంబావుకు అర కిలోమీటరు నడకను చేర్చాము. పరుగు ముగించినవారు ఉండి, ఆ నడకలో తోడు రావాలన్నది నియమం. దారి పొడవునా కుర్చీలు, నీడకు షామియానాలు వేయించాము.

అయినా మరొక పొరపాటు మిగిలిపోయింది. ఆరంభస్థలంలో అందంగా ఒక ఇరుకైన స్వాగతద్వారం కట్టించాము. మాస్టారు దాని ముందుకు వచ్చి ఆగిపోయారు. పాదాలు నేలకు అతుక్కున్నట్లయ్యాయి. ఇరుకైన చోట్ల ఇలా జరగడం ఈ వ్యాధిలో పరిపాటి. ఆ సంగతి తెలిసీ నేను మరచాను. చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొడుతూ “రండి, రండి” అంటుంటే ఆయన మరింత బిగుసుకుపోయారు. అందరినీ నిశ్శబ్దంగా ఉండమని వేడుకొని, దారి గుర్తులకు తెచ్చిన ముగ్గుపిండితో ఆయన పాదాల ముందు అడుగు దూరానికొకటి చొప్పున అడ్డగీతలు గీశాను. ఆయన మొదటి గీతను దాటారు, రెండవదానిని దాటారు, ఆపై నడిచిపోయారు. ముందు ఒక గుర్తు కనబడితే, మూసుకుపోయిన దారికి బదులు మెదడు మరొక దారిని వెతుక్కుంటుంది.

పోగైన సొమ్ము పెద్దది కాదు. వారానికొకసారి ఫిజియోథెరపిస్టు వచ్చి వ్యాయామం చేయించడానికి, కొన్ని ఇళ్ళలో స్నానాలగదికి పట్టుకమ్ములు బిగించడానికి సరిపోయింది.

పాఠకులారా, మీ ఊరిలో ఇటువంటి కార్యక్రమం తలపెడితే, వేళ నిర్ణయించే ముందు వ్యాధిగ్రస్తులను అడగండి. ఆగిపోయినవారిని చేయిపట్టి లాగకండి. తొందరపెట్టక, నెమ్మదిగా ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. మీ ఇంటిలో పెద్దలకు దస్తూరి చిన్నదవుతున్నా, నడకలో ఒక చేయి ఊగకపోతున్నా, వయసు ప్రభావమని సరిపెట్టుకోక నాడీవైద్యునికి చూపించండి. వణుకు లేనంతమాత్రాన వ్యాధి లేదనుకోకండి. మందును ఎన్నడూ హఠాత్తుగా ఆపకండి.

వచ్చే ఏడాది మా పరుగు వేళను మాస్టారే నిర్ణయిస్తారు. స్వాగతద్వారం మాత్రం కట్టించబోము.